ఆకు మీది నమ్మకం సీసాకు చెల్లుతుందా?

తిరుమల నుంచి కిందికి దిగే బస్సెక్కితే ముందు కంటపడేవి గంధం పూసిన గుండ్లు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వస్తున్న పసివాళ్ల నున్నటి తలల మీద పూత ఆరిపోయి, ఘాట్ రోడ్డు మలుపులు తిరిగేకొద్దీ సన్నగా బీటలు వారుతుంటుంది. నిద్రలో ఉన్న బిడ్డ చెంప మీదికి ఆ పొడి రాలుతుంది, తల్లి కొంగుతో తుడుస్తుంది. గంధం ఎందుకు పూశారని అడిగితే ‘చలువ’ అంటారు. ఆ మాట శాస్త్రానికీ ఒప్పుతుంది. తడి పూతలోని నీరు ఆవిరవుతూ చర్మంలోని వేడిని వెంట తీసుకుపోతుంది, కత్తి గీరిన చోట మంట కాస్త నెమ్మదిస్తుంది. ఇక్కడ పనిచేసేది ఎక్కువగా నీరు, మెత్తటి చెక్కపొడి. చందన తైలం ఉన్నా, ఆ పూతలో ఉండేది చాలా కొద్ది.

ఇప్పుడు ఆ గంధం పక్కన ఇంకొక వస్తువు వచ్చి కూర్చుంది. పది మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా, ముదురు గోధుమ రంగు, మూత దగ్గర చుక్కలు పడే బిరడా. దాని మీదా ‘చందనం’ అనే ఉంటుంది. దాని పక్కన తులసి, నీలగిరి, లవంగం, పుదీనా, నిమ్మగడ్డి, టీ ట్రీ, లావెండర్. ఎసెన్షియల్ ఆయిల్స్ అంటున్నారు. ఇంట్లో సబ్బు చేయడానికి, తలనూనెలో కలపడానికి, బిడ్డకు జలుబు చేస్తే ఛాతీకి రాయడానికి, గదిలో వాసనకు, చివరికి మంచినీళ్లలో వేసుకుని తాగడానికి కూడా కొందరు వాడుతున్నారు. వాడేవాళ్లు చెప్పే ధైర్యం ఒకటే: ‘ఇది మా అవ్వ వాడిందే కదా, ప్రకృతిది కదా.’

అవ్వ వాడింది అది కాదు. ఆమె ఆకు వాడింది, చెక్క వాడింది, పప్పు వాడింది, గానుగ నూనె వాడింది. సీసాలో ఉన్నది వాటి సారంలోంచి ఒక్క భాగాన్ని మాత్రం విడదీసి చిక్కబరిచినది. రెండింటికీ వాసన ఒకటే కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది. ఇంటి వైద్యంలో ఇవాళ జరుగుతున్న పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ అనిపించడం దగ్గరే మొదలవుతున్నాయి.

తొక్కలో మెరిసే చుక్క

చిన్నప్పుడు కమలా తొక్కను దీపం దగ్గర పెట్టి మడిచి నొక్కని పిల్లలు అరుదు. చిటపటమంటూ నిప్పురవ్వలు ఎగిరేవి. మంటను అలా రేపింది తొక్కలోని సన్నటి తిత్తుల్లో దాగిన తైలం. అదే అసలైన ఎసెన్షియల్ ఆయిల్. అందులో ఎక్కువ పాలు లిమోనీన్ అనే పదార్థం. గాలి ఊదిన బెలూన్ మీద ఆ తొక్కను పిండితే బెలూన్ టప్పున పగులుతుంది, ఎందుకంటే లిమోనీన్ రబ్బరును మెత్తబరుస్తుంది. థర్మకోల్‌ను కరిగించేస్తుంది కూడా. రబ్బరుతో అంత పని చేసేది పసిబిడ్డ చర్మం మీద నీళ్లలా ఊరుకుంటుందని అనుకోవడానికి లేదు.

నూనె అనే ఒక్క మాట కింద తెలుగులో రెండు వేరు వేరు వస్తువులు చేరిపోయాయి. చెనక్కాయ నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం ఒక జాతి. ఇవి కొవ్వులు, గింజను గానుగలో తిప్పితే వస్తాయి. నిమ్మగడ్డి తైలం, నీలగిరి తైలం, లవంగ తైలం ఇంకొక జాతి. వీటిలో కొవ్వు లేదు. ఆకునో మొగ్గనో నీటి ఆవిరిలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి, నీటి నుంచి విడిపడిన పొరను తీస్తే వచ్చేవి. తెల్ల కాగితం మీద రెండింటినీ ఒక్కో చుక్క వేసి మర్నాడు చూస్తే తేడా తెలిసిపోతుంది. కొబ్బరి నూనె మరక జిడ్డుగా అలాగే ఉంటుంది, నీలగిరి తైలం ఎగిరిపోయి కాగితం దాదాపు మామూలుగా మిగులుతుంది. కొన్న సీసాలో ఏదైనా వంటనూనె కలిపారేమో చూడటానికి కూడా ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఇదే. అయితే గంధం, వట్టివేరు లాంటి బరువైన తైలాలు ఎగరడానికి చాలా రోజులు తీసుకుంటాయి, వాటికి ఈ పరీక్ష సరిగా పనికిరాదు.

చిక్కదనం ఎంతో లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. నూరు కిలోల పచ్చి తులసిని ఆవిరి పట్టినా అరకిలో తైలం రావడం కష్టం. అంటే ఒక్క మిల్లీలీటరు తైలానికి కనీసం రెండువందల గ్రాముల తులసి కావాలి, పది మిల్లీలీటర్ల సీసాకు రెండు కిలోలు. గుళ్లో తీర్థంలో వేసేది రెండు మూడు దళాలు. ఆ తీర్థం నమ్మకంతో సీసాలోంచి నాలుగు చుక్కలు గ్లాసులో వేసుకుంటే, నలభై గ్రాములకు మించిన తులసిలోని ఘాటును ఒక్క గుక్కలో మింగినట్టు. పైగా తైలం నీళ్లలో కలవదు. పైన తేలి, తాగేటప్పుడు పెదాలకు, నాలుకకు, గొంతుకు చిక్కగానే తగులుతుంది. ఎసెన్షియల్ ఆయిల్‌ను వైద్యుడు చెప్పకుండా లోపలికి తీసుకోకూడదు అనడానికి ఇంతకన్నా పెద్ద వాదన అవసరం లేదు.

సున్నిపిండి చేసే పని

ఇంటి సంరక్షణలో నిజంగా గొప్పదైన వస్తువు ఏదని అడిగితే సున్నిపిండి పేరే ముందు చెప్పాలి. చిత్తూరు వైపు ఇళ్లల్లో ఒక్కొక్కరిది ఒక్కో కొలత అయినా మూలం దాదాపు ఒకటే: పెసలు ఎక్కువ, శనగపప్పు కొంత, బియ్యం కొంత, వాటితో కచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేర్లు, ఎండు గులాబీ రేకులు, కస్తూరి పసుపు. అన్నీ ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి మరలో ఆడించుకుంటారు. కాస్త మెత్తగా కావాలంటే జల్లెడ పడతారు, మిగిలిన రవ్వను కాళ్లకు, మోచేతులకు ఉంచుకుంటారు.

ఇది ఎందుకు పనిచేస్తుంది? పప్పుల్లోని పిండిపదార్థం, మాంసకృత్తులు ఒంటి జిడ్డును పీల్చుకుంటాయి. బరకదనం మురికిని, చచ్చిన పొరను రాలుస్తుంది. మామూలు సబ్బు క్షార గుణం కలది, దాని పీహెచ్ తొమ్మిది, పది దాకా ఉంటుంది. చర్మం పైపొర కొంచెం ఆమ్లగుణం కలది, అయిదు అయిదున్నర దగ్గర. సబ్బుతో రుద్దుకున్నాక చర్మం బిగుసుకుపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. పిండి ఆ దెబ్బ కొట్టదు. కుంకుడుకాయదీ ఇదే కథ. దాని నురగకు కారణం సాపోనిన్లు, వాటి రసం స్వతహాగా ఆమ్ల గుణం కలది. కళ్లలో పడితే భగ్గుమంటుంది కానీ వెంట్రుకను సబ్బులా గరుకు చేయదు.

ఇంకొక మాట కూడా గమనించాలి. సున్నిపిండి, కుంకుడు రసం, మెంతి ముద్ద, మందారాకు పసరు ఇవన్నీ రాసుకుని కడిగేసుకునేవి. పది పదిహేను నిమిషాలకు మించి ఒంటి మీద ఉండవు. ఇంటి పద్ధతులకు రక్షణగా నిలిచిన రెండు గోడలు ఇవే: పలచగా ఉండటం, తొందరగా కడిగేయడం. సీసా ఈ రెండు గోడలనూ ఒకేసారి దాటేస్తుంది. చిక్కగా ఉంటుంది, రాత్రంతా ఒంటి మీద ఉంటుంది.

బావంచాలను చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. కొందరు సున్నిపిండిలో గుప్పెడు బావంచాలు వేస్తారు. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మంలోకి ఇంకాక ఎండ తగిలితే చర్మం కాలినట్టు కమిలిపోతుంది. బొల్లి మచ్చలకు చర్మవైద్యులు ఈ జాతి మందులనే ఇచ్చి, కొలత పెట్టి అతినీలలోహిత కిరణాలు పట్టిస్తారు. కొలత పెట్టి అన్న మాటే ప్రాణం. సున్నిపిండిలో కిలోకు ఒక గుప్పెడుగా ఉండి, నీళ్లతో పోయిన బావంచాలకూ, ‘బాకుచి తైలం’ పేరిట రాత్రి ముఖానికి పట్టించి పొద్దున్నే ఏప్రిల్ ఎండలో స్కూటరెక్కే దానికీ పోలికే లేదు. ముఖానికి మంచిదని ఈమధ్య బాగా ప్రచారంలోకి వచ్చిన బాకుచియాల్ ఇదే మొక్క నుంచి తీసినా, అది సోరాలెన్లు తొలగించి శుద్ధి చేసిన పదార్థం. ముడి తైలాన్ని దానికి బదులు అనుకోవడం ప్రమాదం. పిల్లల సున్నిపిండిలో బావంచాలు అసలు వేయకపోవడమే మేలు.

నిమ్మకాయదీ ఇదే గుణం. ముఖం తెల్లబడుతుందని చెక్క రుద్దుకుని ఎండలోకి వెళ్తే నల్లటి చారలు పడి నెలల తరబడి పోవు. తొక్కను పిండి తీసిన నిమ్మ తైలంతోనూ ఈ బెడద ఉంది. ఆవిరి పట్టి తీసిన దాంట్లో ఉండదు. లేబుల్ మీద ఏ పద్ధతిలో తీశారో రాసి ఉంటే అందుకే చదవాలి.

కర్పూరం దగ్గర ఆగి ఆలోచించాలి

వాసనల విషయంలో తిరుపతికి ఎవరూ నేర్పవలసింది లేదు. తీర్థంలో పచ్చకర్పూరం, మాలల్లో దవనం, మరువం, తులసి, శుక్రవారం అభిషేకం తర్వాత మూలమూర్తికి పునుగు తైలం. కర్పూరం వాసనంటే ఈ ఊరి పిల్లలకు అమ్మ ఒడి లాంటిది. ఈ మమకారం వల్లే కర్పూరంతో వచ్చే ముప్పును ఇళ్లల్లో ఎవరూ గట్టిగా చెప్పరు.

ముందు దానిలోని అందం చెప్పుకోవాలి. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు. మూడూ తెల్లటి గట్టి పలుకులు. పుదీనా పువ్వు అంటే మెంథాల్, వాము పువ్వు అంటే థైమాల్. విడివిడిగా అయితే కర్పూరం కరగడానికి 175 డిగ్రీలు దాటాలి, వాము పువ్వుకు 50 దగ్గర, పుదీనా పువ్వుకు 42 దగ్గర. కానీ మూడింటినీ సమానంగా ఒక సీసాలో వేసి మూత పెట్టి కదిపితే, పొయ్యి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, పలుకుల అంచులు తడిసి, జారి, చూస్తుండగానే అంతా నీరైపోతుంది. ఒకదాని అల్లికను ఇంకొకటి విడగొట్టడం వల్ల జరిగే మార్పు ఇది. అమృతధార అని పాత ఇళ్లల్లో దాచుకునేది ఈ ద్రవాన్నే. పెద్దవాళ్లు జలుబుకు రుమాలు మీద ఒక చుక్క వేసి వాసన చూసుకునేవారు.

బామ్ డబ్బాలకూ పూర్వీకులు ఈ పలుకులే. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగువాళ్ల తలనొప్పికి ఆ పసుపు లేపనమే జవాబు. ఇవి పనిచేసే తీరు తెలుసుకోదగింది. మెంథాల్ చర్మంలో చలిని పసిగట్టే నాడుల తలుపు తడుతుంది, కర్పూరం వేడిని పసిగట్టే వాటిని కదిలిస్తుంది. ఆ సందడిలో నొప్పి వెనక్కి తగ్గినట్టుంటుంది. ముక్కు దిబ్బడ వేసినప్పుడు మెంథాల్ పీలిస్తే గాలి ధారాళంగా ఆడుతున్నట్టు ఉంటుంది కానీ, కొలిచి చూస్తే దిబ్బడ అంతే ఉంటుంది. ఉపశమనం నిజం, వైద్యం మాత్రం కాదు.

ఇక ముప్పు. కర్పూరం కడుపులోకి వెళ్తే పసిపిల్లలకు విషం. ఒక్క గ్రాముతో ప్రాణం పోయిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. మింగిన కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపే ఫిట్స్ రావచ్చు. అమెరికాలో 1980లలోనే కర్పూర తైలాల అమ్మకాన్ని ఆపి, పైపూత మందుల్లో 11 శాతానికి మించి కర్పూరం ఉండకూడదని హద్దు పెట్టారు. మన ఇళ్లల్లో కొబ్బరి నూనెలో హారతి బిళ్లలు వేసి కరిగించి బిడ్డ ఛాతీకి, వీపుకు, ముక్కు కిందా రాస్తారు. ఎన్ని బిళ్లలు? చేతికొచ్చినన్ని. పసిబిడ్డ చర్మం పలచన, ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. కాబట్టి పెద్దవాళ్లకు ఏమీ చేయనిది వాళ్ల రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్, నీలగిరి మూడూ వద్దు. ముక్కు దగ్గర మెంథాల్ రాస్తే పసిబిడ్డకు గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. నీలగిరి తైలం ఒక చెంచా లోపలికి పోయినా స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. హారతి కర్పూరం ఇవాళ టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారయ్యేది, పూజకు ఉద్దేశించినది. దాన్ని ఒంటికి, నోటికి వాడదగ్గదిగా లెక్కించకూడదు.

బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు కర్పూరం కాదు, నాఫ్తలీన్. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. దాచిన పాత బట్టలను బిడ్డకు వేసే ముందు ఉతికి ఎండలో ఆరేయాలని పెద్దలు పట్టుబట్టడం మంచిదే. అసలు ఆ ఉండలకు బదులు ఎండు వేపాకు, వట్టివేరు కట్ట పెట్టడం ఇంకా మంచిది.

పసిబిడ్డ స్నానం గురించి కూడా రెండు మాటలు. పుట్టిన మొదటి 24 గంటలు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తర్వాత నూనె మర్దన హాయే, బిడ్డకు ఆ చేతి స్పర్శ ఎంతో మేలు. కానీ ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ఏ నూనె మంచిదంటే కొబ్బరి, పొద్దుతిరుగుడు నూనెలకు మంచి పేరుంది. ఖరీదు పెట్టి కొనే ఆలివ్ నూనె చర్మం పైపొరను వదులు చేస్తుందని తేలింది. చెనక్కాయలు పండే సీమలో గానుగ చెనక్కాయ నూనె మీద మమకారం సహజం. వంటకు దానికి సాటి లేదు. కానీ శుద్ధి చేయని ఆ నూనెలో గింజలోని మాంసకృత్తుల జాడలు ఉంటాయి. గజ్జి, తామర లాంటి దురదతో పగిలిన పసి చర్మం మీద రాస్తే, వేరుశనగ ఎలర్జీకి దారి పడవచ్చు. ఆ చర్మానికి కొబ్బరి నూనె చాలు.

తల ఆరడానికి వేసే సాంబ్రాణి పొగ విషయం సున్నితమైనది. శేషాచలం కొండలకూ ఆ చుట్టుపక్కల తూర్పు కనుమలకూ మాత్రమే సొంతమైన కొండ సాంబ్రాణి చెట్టు ఉన్న ప్రాంతం ఇది. ఆ జిగురు వాసన మీద ప్రేమ అక్కడి నుంచే వచ్చింది. కానీ పొగ ఏ చెట్టుదైనా పొగే. తలుపులు మూసిన గదిలో బుట్ట బోర్లించి, దాని మీద బిడ్డ తల పెట్టి పట్టే పొగలోని సన్నటి రేణువులు చిన్న ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. మెత్తటి గుడ్డతో తల తుడిచి, సాంబ్రాణి వరండాలో వేసి, ఆ వాసన గాలిలో ఇంట్లోకి వచ్చేలా చూస్తే సంప్రదాయమూ నిలుస్తుంది, బిడ్డా బాగుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో, తైలం వాసనను గదిలోకి చిమ్మే విద్యుత్ డిఫ్యూజర్లకూ ఇదే జాగ్రత్త. అరగంటకు మించి వద్దు, కిటికీ తెరిచి ఉండాలి.

మెట్లెక్కిన కాళ్లకు

అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి మోకాళ్ల పర్వతం దాటినవాళ్లకు మర్నాడు, మూడోరోజు పిక్కలు పట్టేస్తాయి. వేడినీళ్లు, నువ్వుల నూనె మర్దన, బామ్ రాయడం, అన్నీ సరైనవే. కానీ బామ్ రాసిన చోట వెంటనే వేడి నీళ్ల సంచి పెట్టడం, బిగించి గుడ్డ కట్టడం వద్దు. చర్మం బొబ్బలెక్కిన సందర్భాలున్నాయి. నొప్పి నూనెల్లో ఘాటైన వాసన ఇచ్చే వింటర్‌గ్రీన్ తైలం దాదాపు అంతా మిథైల్ శాలిసిలేట్. ఒక్క చెంచా, అంటే అయిదు మిల్లీలీటర్లలో ఏడు గ్రాముల ఆస్పిరిన్‌తో సమానమైన మందు ఉంటుంది. చిన్నబిడ్డకు అది ప్రాణాంతకం. తియ్యటి వాసన కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లు కూడా వైద్యుణ్ని అడగకుండా దీన్ని ఒంటినిండా రాసుకోకూడదు.

మేలు చేసే తైలాలూ ఉన్నాయి, వాటి పేరు చెప్పకపోతే అన్యాయమవుతుంది. పంటి నొప్పికి లవంగ తైలం అవ్వల మాటే కాదు. అందులోని యూజినాల్‌ను దంతవైద్యులు జింక్ ఆక్సైడుతో కలిపి తాత్కాలికంగా పంటి గుంత పూడ్చడానికి వాడతారు. దూదికి ఒక చుక్క అద్ది పంటికి మాత్రమే తగిలించాలి, చిగురుకు తగిలితే కాలుతుంది. మొటిమలకు అయిదు శాతం టీ ట్రీ జెల్ నెమ్మదిగానే అయినా పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. నుదుటికి పలచగా రాసిన పుదీనా తైలం తలనొప్పికి ఉపకరిస్తుంది. లావెండర్ వాసన కొందరికి ఆందోళన తగ్గించి నిద్ర పట్టిస్తుంది. ఇక్కడ పెరిగే దవనం, మరువం కొమ్మ దిండు పక్కన పెట్టుకున్నా మనసుకు ఆ నెమ్మది వస్తుంది, సీసా ఖర్చూ ఉండదు. దోమలకు నిమ్మగడ్డి తైలం రాసుకునేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. దాని కాపుదల గంటా రెండు గంటలే. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. పసిబిడ్డ పగలు పడుకున్నప్పుడూ దోమతెర కట్టాల్సిందే.

చందనం పేరుతో

ఎర్రచందనం పుట్టిల్లు చిత్తూరు, కడప, నెల్లూరు, కర్నూలు కొండలే. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్న చెట్టు. దాని గొప్పంతా రంగులో ఉంది, శాంటలిన్ అనే ఎర్రటి వర్ణకంలో. దానికి గంధపు వాసన లేదు. కాబట్టి ‘ఎర్రచందనం సుగంధ తైలం’ అని ఎవరైనా అమ్మితే ఆ సుగంధం ఎక్కడో కలిపినదే. ముఖానికి పూసుకునే రక్తచందనం పొడి ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం కొనేవాళ్ల హక్కు. దొంగతనంగా నరికిన చెట్టు పొడి అయితే దాన్ని కొనడం అడవికి చేసే కీడు.

అసలు శ్రీగంధం తైలం కిలో లక్ష రూపాయలు దాటుతుంది. ఆ లెక్కన పది మిల్లీలీటర్లకు ముడిసరుకే వెయ్యి రూపాయలకు దగ్గరవుతుంది. నూటయాభైకి దొరికే సీసాలో ఏముంటుందో ఊహించుకోవచ్చు. కృత్రిమ పరిమళం, పలచబరిచే ద్రవం. కొత్తగా గుండు చేయించిన బిడ్డ తల మీద కంటికి కనపడని గాట్లు బోలెడుంటాయి. అక్కడ ఇలాంటి పరిమళాన్నీ, రంగు కలిపిన చవక గంధం పొడినీ పూస్తే చర్మం రేగి దద్దుర్లు వస్తాయి. ఇంట్లో చిన్న గంధపు చెక్క, సానరాయి ఉంటే ఒక ఉంగరం మందాన అరగదీసుకుని తీసుకెళ్లవచ్చు. లేదంటే శుభ్రమైన చల్లని నీటితో కడిగి కొబ్బరి నూనె రాసినా సరిపోతుంది.

మల్లెపూలను ఆవిరి పట్టి తైలం తీయడం కుదరదు, వేడికి ఆ వాసన చెడిపోతుంది. దాన్ని ద్రావకాలతో తీస్తారు, ఖరీదు చాలా ఎక్కువ. చిత్తూరు మామిడి ఎంత ఘుమఘుమలాడినా ‘మామిడి ఎసెన్షియల్ ఆయిల్’ అన్నది పండు నుంచి తీసినది కాదు, కూర్చిన సెంటు. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి ఏ పద్ధతిలో తీశారన్నది, తయారీ తేదీ, లైసెన్సు నంబరు లేబుల్ మీద లేకపోతే ఆ సీసా ఇంట్లోకి రానక్కర్లేదు.

చెంచాకు ఒక చుక్క

కొలత సులువే. ఒక మిల్లీలీటరుకు దాదాపు ఇరవై చుక్కలు. అయిదు మిల్లీలీటర్ల చెంచా నూనెలో ఒక చుక్క తైలం వేస్తే ఒక శాతం. పెద్దవాళ్లకు ముఖానికి ఒక శాతం, ఒంటికి రెండు శాతం చాలు. రెండేళ్లు దాటిన పిల్లలకు, అదీ లావెండర్ లాంటి మెత్తటి తైలమైతేనే, రెండు చెంచాల నూనెలో ఒక చుక్క. వందమిల్లీలీటర్ల కొబ్బరి నూనె సీసాలో ఇరవై చుక్కలకు మించి వేయనవసరం లేదు. గర్భిణులు, ఫిట్స్ ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడిగాకే వాడాలి. తిరుపతిలో అయితే 1983 నుంచి నడుస్తున్న ఎస్వీ ఆయుర్వేద కళాశాల ఆస్పత్రి ఉంది. ఆకు గురించైనా తైలం గురించైనా చదువుకున్నవాళ్లను అడిగి తెలుసుకునే వీలు ఊళ్లోనే ఉన్నప్పుడు వీడియోలను నమ్ముకోవడం ఎందుకు?

కలిపినదాన్ని మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూడాలి. ఎర్రబడినా దురద పెట్టినా వదిలేయాలి. ఇక్కడి వేసవికి సీసా కిటికీ దగ్గర ఉంటే తైలం గాలితో కలిసి మారిపోతుంది. పాతబడిన నిమ్మ, టీ ట్రీ తైలాలు కొత్తవాటికన్నా ఎక్కువగా చర్మాన్ని రేపుతాయి. మూత బిగించి, చీకటిగా చల్లగా ఉన్నచోట పెట్టాలి. దగ్గు మందు సీసా పక్కన మాత్రం కాదు, చీకట్లో తడుముకుంటే రెండూ ఒకలాగే ఉంటాయి.

మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడం, మందులు, మాయా చికిత్సల ప్రకటనలను అదుపు చేసే 1954 చట్టం ప్రకారం నేరం. తైలాల అమ్మకాల్లో అలాంటి మాటలు వినిపిస్తే అక్కడే ఆగాలి. ఇంట్లో చేసిన సబ్బు, తలనూనె ఇరుగుపొరుగుకు ఇచ్చుకోవడం ఒకటి, లేబుల్ వేసి అమ్మడం ఇంకొకటి. అమ్మాలంటే సౌందర్య సాధనాల నియమావళి, 2020 కింద తయారీ లైసెన్సు కావాలి. ఈ పని మీద బతుకు నిలబెట్టుకుంటున్న మహిళా సంఘాలకు ఆ లైసెన్సు, కొలతల శిక్షణ అందేలా చూడటం కూడా అవసరం. వాళ్ల సున్నిపిండి ఈ సీసాలన్నిటికన్నా మేలైన సరుకు.

బిడ్డ ఏ తైలమో, కర్పూరమో మింగిందని తెలిస్తే వాంతి చేయించకూడదు. పైకి వచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపులో ఉన్నదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. పాలు పట్టడం, ఉప్పునీళ్లు తాగించడం వద్దు. నోరు తుడిచి, బిడ్డను ఒక పక్కకు తిప్పి పట్టుకుని, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి. బిడ్డ మామూలుగా ఆడుకుంటున్నా సరే వెళ్లాలి, ఫిట్స్ వచ్చేదాకా ఏ లక్షణమూ కనపడకపోవచ్చు. సీసాను, బిళ్లల పొట్లాన్ని వెంట తీసుకెళ్లాలి. ఎంత మిగిలిందో చూసి ఎంత పోయిందో లెక్క కట్టడానికి డాక్టరుకు దొరికే ఆధారం అదొక్కటే.